కాదన్నవాడి నడక

హబీబుల్లాకు వచ్చిన చిక్కు ఒకటే. చదవాల్సిందంతా చదివేశాడు. చెప్పడానికి మాత్రం గురువు సెలవు దొరకడం లేదు.

ఎంత చదువనుకున్నారు! కృత్రిమ మేధ మనుషుల మధ్యకు వచ్చి కూర్చుంటే సమాజం ఏమవుతుంది, చట్టం ఏమనాలి, నీతి ఎక్కడ నిలబడాలి, ఇదీ అతని విద్య. అతను నోరు విప్పితే హైదరాబాదులో జడ్జీలు భోజనాల వేళ మరిచిపోయేవారు. ఢిల్లీ సభలో అతనేసిన ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వేదిక దిగిపోయిన పెద్దమనిషి ఇంతవరకూ తిరిగి రాలేదు. "యంత్రం తప్పు చేస్తే శిక్ష ఎవరికి? తయారుచేసినవాడికా, కొనుక్కున్నవాడికా, మీట నొక్కినవాడికా?" ఇదే ఆ ప్రశ్న. దాని మీద అతను రాసిన పుస్తకం ఎత్తాలంటే ఇద్దరు బలిష్ఠులు కావాలి. చదవాలంటే నలుగురు.

అంతటివాణ్ని తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊళ్లో లా కాలేజీవాళ్లు పిలిచారు. "ఈ విద్యకు మా దగ్గర కొత్తగా ఒక శాఖ పెడుతున్నాం. మొదటి పాఠం మీ నోటి నుంచే రావాలి" అన్నారు. సోమవారం పొద్దున కారు పంపుతామన్నారు.

అంతా బాగానే ఉంది. కానీ హబీబుల్లా సత్తార్ షా శిష్యుడు. ఆ పరంపరలో ఒక కట్టుబాటు ఉంది. గురువు తన నోటితో "చెప్పు" అనేదాకా శిష్యుడు ఎవరికీ, దేని గురించీ పాఠం చెప్పకూడదు. అలిఫ్ అన్న మొట్టమొదటి అక్షరం దిద్దించాలన్నా అంతే, ఆకాశాన్ని విప్పి చూపాలన్నా అంతే.

ఆ ఊరి చివరే గుట్ట మీద దర్గాలో ఉంటాడు సత్తార్ షా. మాట ఖర్చు పెట్టడంలో ఆయనంత పిసినారి రాయలసీమ మొత్తంలో లేడు. కరువొచ్చిన ఒక ఏడు, వాన కోసం దువా చేయమని ఊరు ఊరంతా గుట్టెక్కితే, ఆయన కళ్లు మూసుకుని "ఊఁ" అన్నాడట. ఆ ఒక్క "ఊఁ"కే చుట్టుపక్కల చెరువులన్నీ అలుగు పారాయి. ఇంకో మాట అనుంటే ఊరు కొట్టుకుపోయేదని ముసలివాళ్లు ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుంటారు.

శుక్రవారం నమాజు అయ్యాక హబీబుల్లా వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"హజ్రత్, సోమవారం మొదటి పాఠం. సెలవిస్తారా?"

షా లంగరు వంటకు, అంటే దర్గాకు వచ్చినవాళ్లందరికీ పెట్టే అన్నానికి, వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఒలుస్తూనే ఉన్నాడు.

శనివారం మళ్లీ అడిగాడు. ఈసారి ఉల్లిపాయలు. హబీబుల్లా కళ్లు తుడుచుకుంటూ లేచి వచ్చాడు. ఉల్లి ఘాటుకో, ఇంకెందుకో అతనికే తెలియాలి.

తన విద్య గురువుకు చూపించలేదనా? చూపించాడు కదా! కంటి ముందే పెట్టాడు.

దర్గాకు ఆనుకుని ఒక ముసాఫిర్‌ఖానా ఉంది. ఊళ్లోని పెద్దాసుపత్రికి పల్లెల నుంచి రోగులను తీసుకొచ్చేవాళ్లు అక్కడ తల దాచుకుంటారు. గదులు కొన్నే. అడిగేవాళ్లు చీమల బారు. ఇదివరకు ఆ గదులిచ్చే పని మహబూబ్ చాచాది. చాచా న్యాయం జగమెరిగినదే. బీడీ కట్ట ఇచ్చినవాడికి గాలి వచ్చే గది, ఇవ్వనివాడికి వంటింటి పొగ వచ్చే గది. తన ఊరివాడైతే తాళంచెవి ఎదురెళ్లి ఇచ్చేవాడు.

అది చూడలేక హబీబుల్లా ఒక పెట్టె తయారుచేసి వరండాలో నిలబెట్టాడు. పలకంత తెర, దాని కింద చిన్న నోరు. దానికి ఇన్సాఫ్ అని పేరు పెట్టాడు. అంటే న్యాయం. అది తెలుగులో పలకరిస్తుంది, ఉర్దూలో ఓదారుస్తుంది. నీ కులమేమిటని అడగదు, మతమేమిటని అడగదు, ఎవరి సిఫారసుతో వచ్చావని అడగనే అడగదు. జబ్బు ఎంత పెద్దది, ఊరు ఎంత దూరం, వేరే దిక్కుందా, ఇవి అడిగి, అవసరాన్ని తూచి, గది ఇస్తుంది. ఆ తూకం ఎంత కచ్చితమైనదంటే, చీమ వచ్చి అడిగినా దాని కష్టం దానికి విడిగా కట్టి ఇస్తుంది.

నిజం చెప్పుకోవాలి, పెట్టె వచ్చాక మేలే జరిగింది. ఎవరి పేరూ చెప్పుకోలేని ఆడమనిషికి గాలి వచ్చే గది దొరికింది. చాచాకు బీడీలు దొరకడం ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం హబీబుల్లా పెట్టె పక్కన కూర్చుని, రేపు వెళ్లడమా మానడమా అని మథనపడుతుంటే, చాచా వచ్చి గోడకు జారగిలబడ్డాడు.

"ఏం మియా, నీ పెట్టె నిన్న మా మేనమామ బామ్మర్దికి గది లేదందంట?"

"ఆయన ఆసుపత్రికి రాలేదు చాచా. సినిమాకొచ్చాడు."

"సినిమా చూసినోడికి నిద్ర రాదా?"

"ఇంటికెళ్లి పడుకోవచ్చు."

"ఇల్లుండేటోడికే గది ఇయ్యకపోతే ఇంకెవరికిస్తావప్పా!" అని చాచా ఆకాశం వైపు చేతులెత్తాడు. పైవాడికి కూడా ఆ తర్కం అర్థమైనట్టు లేదు.

అప్పుడే మెట్లెక్కి ఒకామె వచ్చింది. నెత్తిన మూట, కాళ్లకు దుమ్ము. పేరు సుంకులమ్మ. ఆమె మొగుడు మద్దిలేటి నాపరాళ్ల గనిలో పనిచేస్తాడు. కాలి మీద బండ పడితే పెద్దాసుపత్రిలో చేర్చారు. మగవాళ్ల వార్డు కాబట్టి చీకటి పడ్డాక ఆడవాళ్లు బయటికి రావాల్సిందే. పొద్దున్నే గంజి పట్టుకుని మళ్లీ పోవాలి. ఈ మధ్యలో తల వాల్చడానికి ఒక చోటు కావాలి. అంతే.

పెట్టె చాలా మర్యాదగా అడిగింది. ఆమె అంతకన్నా మర్యాదగా జవాబు చెప్పింది.

"అమ్మా, ఈ ఊళ్లో మీకు బంధువులెవరైనా ఉన్నారా?"

"ఉండాడు సామీ. మా చిన్నాయన కొడుకు."

పెట్టె ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో అది ఏడు సముద్రాలు ఈది వచ్చిందనుకోండి.

"క్షమించండి అమ్మా. ఈ రోజు మీకు గది ఇవ్వలేకపోతున్నాం. మీకంటే ఎక్కువ అవసరమున్నవారు ముందున్నారు. ఈ నిర్ణయం మీద మీరు అప్పీలు చేసుకోవచ్చు."

ఆ చివరి మాట కోసం హబీబుల్లా ఎన్ని దేశాల చట్టాలు తిరగేశాడో! ప్రపంచంలో ఏ యంత్రమూ అంత మర్యాదగా కాదని ఉండదు. వరండా చివర కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతున్న గురువు వైపు అతను ఓరగా చూశాడు. విన్నాడా, లేదా?

సుంకులమ్మ పెట్టెకు దండం పెట్టింది. మూట ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

షా కత్తిపీట పక్కకు జరిపాడు. లేచాడు. ఆయన వంట మధ్యలో లేవగా ఆ దర్గాలో ఎవరూ చూడలేదు. చాచా అయితే భూకంపమేమోనని గోడ పట్టుకున్నాడు.

షా కుండలో చెంబు ముంచి, నిండుగా నీళ్లు తీసి, తెచ్చి పెట్టె ముందు పెట్టాడు.

"తీసుకోమను" అన్నాడు.

"ఎవరిని, హజ్రత్?"

"కాదన్నవాణ్ని."

హబీబుల్లాకు అర్థమైంది. ఆ దర్గాలో తాతల నాటి రివాజు ఒకటుంది. వచ్చినవాళ్లను కాదని పంపాల్సి వస్తే, కాదన్నవాడే వాళ్ల మూట మోసి, చెంబు నీళ్లు పట్టుకుని, అట్టడుగు మెట్టు దాకా దిగబెట్టి, అక్కడ దాహం తీర్చి రావాలి. పెట్టె వచ్చిన రోజు నుంచి ఆ రివాజు ఎవరికీ గుర్తురాలేదు. గుర్తెందుకొస్తుంది? కాదన్న మనిషే లేడాయె.

"హజ్రత్, దానికి కాళ్లు లేవు" అన్నాడు.

షా పెట్టె కిందికి వంగి చూశాడు. వెనక్కి వెళ్లి చూశాడు. నిజమే, లేవు. తలాడించి, వచ్చి, హబీబుల్లా కాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

హబీబుల్లా చెంబు తీసుకున్నాడు.

ఆ గుట్ట మెట్లు సామాన్యమైనవా! ఒక తాసిల్దారు మహా దర్పంగా ఎక్కడం మొదలుపెట్టి, సగంలో ఆ దర్పం వదిలేసి, పైకి వచ్చేసరికి భక్తుడైపోయాడు. దిగడమూ తక్కువేం కాదు. ఎండకు కాలిన రాయి, మోకాలెత్తు మెట్లు. సుంకులమ్మ మూట ఇవ్వనంది.

"వద్దు సామీ, నువ్వు చదువుకున్నోడివి."

"ఇది రివాజమ్మా. ఇవ్వాలి."

మూటలో ఏముందో గానీ, పెద్ద పెద్ద సభలనే ఎత్తి కుదేసినవాడికి అది భుజం మీద నిలవలేదు. రెండు మెట్లకోసారి జారింది. సర్దుకుంటూ సగం దాకా దిగాడు. తర్వాత ఆమె అడిగింది.

"నేనేమన్నా తప్పు చెప్పినానా సామీ?"

"లేదమ్మా."

"చిన్నాయన కొడుకు ఉండాడన్నందుకేనా? ఉండాడంటే ఉండాడు. పొలం గట్టు తగాదా అయినప్పటి సంది మా మొగం చూడడు. అది అడగల్యా. నేను చెప్పల్యా. అడగందే చెప్తే పెట్టెకు కోపమొస్తాదేమో అనుకున్యా."

"దానికి కోపం రాదమ్మా."

"అట్లనా. పోనీలే, మంచిదే." ఇంకో మెట్టు దిగింది. "శానా నెమ్మదిగా మాట్లాడింది. మా ఇంట్లో కూడా నాతో ఎవరూ అంత నెమ్మదిగా మాట్లాడరు."

హబీబుల్లా దగ్గర దీనికి జవాబుగా ఒక అధ్యాయమే ఉంది. నిర్ణయానికి కారణం తెలుసుకునే హక్కు గురించి అతను రాసిన అధ్యాయం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న న్యాయవాదులు ఉన్నారు. గుర్తు తెచ్చుకుందామని చూశాడు. మెట్ల మీద ఒక్క వాక్యమూ నిలబడలేదు.

అట్టడుగు మెట్టు వచ్చింది. సుంకులమ్మ కూర్చుని, దోసిలి పట్టి, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇప్పుడు నేను యాడికి పోవాల?"

అతను రోడ్డు వైపు చూశాడు. లారీలు పోతున్నాయి.

"అమ్మా, మీరు అప్పీలు చేసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట తన నోట్లో నుంచి వస్తుంటే తనకే పెట్టె గొంతులా వినిపించింది.

"అదేందది? పెట్టె కూడా అనింది."

"అంటే, ఈ నిర్ణయం సరిగ్గా లేదు, మళ్లీ చూడండి అని అడగడం."

"ఎవర్నడగాల?"

హబీబుల్లా తడబడ్డాడు. ఢిల్లీలో తడబడలేదు. హైదరాబాదులో తడబడలేదు. ఇక్కడ తడబడ్డాడు.

"నన్నే" అన్నాడు.

సుంకులమ్మ అతని మొహంలోకి చూసింది. చుట్టూ చూసింది, ఇంకెవరన్నా ఉన్నారేమోనని. మళ్లీ అతని వైపు చూసింది.

"నువ్వు ఈడనే ఉండావు కదా నాయనా."

"ఉన్నాను."

"అయితే అడుగుతాండా. పడుకునేందుకు ఇంత చోటు కావాల."

కాదనాలి. గదులు నిజంగానే లేవు. పెట్టె అబద్ధం చెప్పలేదు. ఉన్న గదుల్లో ఉన్నవాళ్లెవరూ ఈమె కన్నా తక్కువ కష్టంలో లేరు. ఆ లెక్క కట్టింది తనే. ఒక్క మాట, "లేదు" అనాలి. లక్షల మాటలు అవలీలగా విసిరిన నాలుక అది. ఆ ఒక్క మాట దగ్గర ఎద్దు మొరాయించినట్టు మొరాయించింది.

మూట మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"రండి" అన్నాడు.

"గది ఉందా?"

"తెలియదమ్మా. వెతుకుదాం."

దిగిన మెట్లన్నీ ఎక్కారు. పైకి వచ్చేసరికి హబీబుల్లా ఆయాసానికి దర్గా జెండా రెపరెపలాడింది. చాచా నవ్వాపుకోలేకపోతున్నాడు.

"చాచా, గదులు కాకుండా ఇక్కడ మనిషి పడుకునే చోటు ఏముంది?"

"ఇప్పుడడిగినావు మియా, అడగాల్సిన మాట!" చాచా మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఉరుసు జెండాలు పెట్టే కొట్టుంది. కర్రలు ఒక పక్కకు జరిపితే ఒక మనిషి కాళ్లు చాపుకోవచ్చు. బండ్ల షెడ్డుంది. వంటింటి వెనకాల వసారా ఉంది, వానొస్తే ఒక మూల తడుస్తుంది. చాపలు నా దగ్గరున్నాయి."

"ఇవన్నీ నాకు చెప్పలేదేం?"

"నువ్వు గదులెన్ని అనడిగినావు. కొట్టు గది ఎట్లయితాది?"

"మరి నువ్వు ఇచ్చేవాడివా?"

"ఇయ్యక! దయతో అనుకునేవు, కాదు. నా మోకాళ్ల మీద ఒట్టు." చాచా మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "ఒకర్ని కాదంటే అన్ని దిగాల, అన్ని ఎక్కాల. దానికంటే ఒక చాప పరచడం నయం కాదా? బీడీలిచ్చినోడికి గది ఇచ్చినా నిజమే, ఇయ్యనోణ్ని పంపకుండా యాడో ఒక సందులో కుక్కిందీ నిజమే."

ఇద్దరూ కలిసి జెండా కర్రలు జరిపారు. ఆకుపచ్చ జెండాల మధ్య సుంకులమ్మ చాప పరుచుకుంది. షా మళ్లీ కత్తిపీట ముందు కూర్చున్నాడు. ఇటు చూడనే లేదు.

సాయంత్రం దాకా హబీబుల్లా పెట్టె దగ్గర కూర్చుని ఏదో మార్చాడు. దాన్ని పడేయలేదు. తూకం మార్చలేదు. ఒకే ఒక్క పని చేశాడు. ఇక మీద ఎవరికైనా గది ఇవ్వలేకపోతే పెట్టె ఆ మాట అనదు. నోరు మూసుకుని హబీబుల్లాను పిలుస్తుంది.

పిలిచింది. మళ్లీ పిలిచింది. బండ్ల షెడ్డు నిండింది. వసారా నిండింది. వాన రాదని పూచీపడి ఆ తడిసే మూల కూడా ఒకతనికి ఇచ్చాడు. ఇక చోటు లేక కాదనాల్సి వచ్చినవాళ్లతో చెంబు పట్టుకుని దిగాడు. దిగి, రోడ్డు దాటి, టీ కొట్టు బల్లలు అడిగాడు. మసీదు వరండా అడిగాడు. రామాలయం పూజారినీ అడిగాడు. ఆ ఒక్క సాయంత్రం అతను ఎక్కి దిగిన దెబ్బకు గుట్ట రెండంగుళాలు అరిగిందని చాచా ప్రమాణం చేసి చెప్తాడు. కావాలంటే కొలుచుకోమంటాడు.

సోమవారం తెల్లవారింది. హబీబుల్లా పిక్కలు రాళ్లయ్యాయి. ఆ పొద్దున అతను గురువు దగ్గరకు వెళ్లి సెలవు అడగలేదు. పంతం కాదు. అడిగే తీరిక దొరకలేదు.

పెట్టె అప్పటికే పిలిచింది. ఎదురుగా ఒక ముసలాయన. ఆలూరు దిక్కు నుంచి భార్యను తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. హబీబుల్లా కొట్టు తలుపు తెరిచి చూశాడు, షెడ్డు చూశాడు, వసారా చూశాడు. చాచా వైపు చూశాడు. చాచా ఈసారి నవ్వలేదు. తల అడ్డంగా ఊపాడు.

హబీబుల్లా ముసలాయన ముందు గొంతుక్కూర్చున్నాడు, ఇద్దరి కళ్లూ ఒక ఎత్తులో ఉండేలా.

"పెద్దాయనా, ఈ పొద్దు ఇక్కడ చోటు లేదు. నేనే చెప్తున్నాను. నా పేరు హబీబుల్లా."

ముసలాయన తన మూట వైపు చెయ్యి చాపాడు. "సరే నాయనా" అన్నాడు.

హబీబుల్లా మూట భుజాన వేసుకున్నాడు. చెంబు ముంచుకున్నాడు. రెండో చెయ్యి ముసలాయనకిచ్చి మెట్ల వైపు నడిచాడు. కింద టీ కొట్టు దగ్గర బల్ల ఉంటే సరే, లేకపోతే ఎవరిని అడగాలో మనసులో ఒక్కొక్కరినీ తలుచుకుంటున్నాడు.

నాలుగు మెట్లు దిగాడో లేదో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న డ్రైవరొకడు ఎదురొచ్చాడు. ఇద్దరినీ చూసి పక్కకు తప్పుకుని, రొప్పుతూ పైకి పోయాడు. కోటు వేసుకున్న పండితుణ్ని వెతుకుతున్నాడు పాపం, భుజాన మూట ఉన్నవాణ్ని ఎందుకు పట్టించుకుంటాడు?

పై నుంచి అతని గొంతు వినిపించింది.

"తాతా, హబీబుల్లా సారు యాడుండాడు? కాలేజీలో అందరూ కూర్చోనుండారు. సారు పాఠం చెప్పల్లంట."

కత్తిపీట చప్పుడు ఆగింది.

"అదిగో" అన్నాడు షా. "చెప్తున్నాడు."

హబీబుల్లా వెనక్కి తిరిగి చూడలేదు. ముసలాయన కాలు కింది మెట్టు కోసం గాలిలో వెతుకుతోంది. అది రాయి మీద ఆనేదాకా అతను కదలకుండా నిలబడ్డాడు.